కండ్ల రెక్కల పురుగు

గంగులమ్మకు గర్వం ఎక్కువని కువైట్‌లోని హవల్లీలో ఆమెను ఎరిగినవాళ్ళందరూ అనేవారు. అబద్ధమేమీ కాదు. మదనపల్లె పక్కన పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టింది. తన చేతి మీద ఒక్క పంటా పాడవలేదని, అక్కడ ఒక ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా చెప్పుకునేది. అలాంటి మనిషికి, ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే యజమానురాలు నవాల్, అక్కడి పనివాళ్ళ వాడుకలో నవాల్ మామా, ఒకరోజు అగ్గిపెట్టెలో పురుగు గుడ్లు తెచ్చిచ్చి పెంచమంటే ఇక కాళ్ళు నేల మీద నిలుస్తాయా?

ఆ గుడ్లు దక్షిణ అమెరికా నుంచి వచ్చాయి. మామాతో చదువుకున్న స్నేహితురాలు పంపింది. ఆటోమెరిస్ అనే జాతివని మామాకు తెలుసు గానీ అందులో ఏ రకమో తెలియదు. మామా పుస్తకంలో మూడు బొమ్మలు అచ్చం ఒకేలా ఉన్నాయి. వెనక రెక్కల మీద పెద్ద కన్నులాంటి మచ్చ ఉంటుందట. దాని నడుమ తెల్లగా ఉండేది చుక్కో గీతో చూస్తేనే రకం తేలుతుందట. అంటే పురుగు రెక్కలతో బయటికి రావాలి. ఆ ముక్క మాత్రం మామా గంగులమ్మకు విడమరిచి చెప్పలేదు.

పురుగులు పెరిగేకొద్దీ ఆకుపచ్చబడ్డాయి. ఒళ్ళంతా ముళ్ళు, తగిలితే తేలు కుట్టినంత మంట. పట్టుపురుగులకు ఇంత పొగరు ఉండదని తిడుతూనే గంగులమ్మ గులాబీ ఆకు కోసి వేసింది. అవి ఒకదాని వెనక ఒకటి వరస కట్టి నడుస్తుంటే పొయ్యి మీది అన్నం కూడా మరిచి చూసేది. జులై చివరికి ఆకులను దగ్గరికి లాక్కుని పలచటి గోధుమరంగు గూళ్ళు కట్టుకున్నాయి.

అంతలో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. సెలవుల్లో ఉన్న బడి తెరిచే మాటే లేకపోయింది. మామా తన తల్లిని చూసుకోవడానికి పక్క పేట జాబ్రియాకు వెళ్ళింది. ఒంటరిగా మిగిలిన గంగులమ్మకు గూళ్ళను చూస్తే భయం పట్టుకుంది. పురుగు గూడు చీల్చుకుని వస్తే దారం తెగిపోతుంది. ఊళ్ళో ఆ రోజు రాకముందే గూళ్ళను ఎండబెట్టి లోపలి పురుగును చంపేస్తారు. ఆమె బతుకులో ఎన్నడూ పురుగుకు రెక్కలు రానిచ్చింది లేదు. మామా సొత్తు తన వల్ల పాడుకాకూడదని బుట్టను మిద్దె మీద ఆగస్టు ఎండలో పెట్టింది.

మామా తిరిగి వచ్చినప్పుడు ఆ సంగతి గొప్పగా చెప్పింది. మామా బుట్టలోని గూళ్ళను ఒక్కొక్కటే తీసి చూసింది. తనకు కావలసింది దారం కాదని, పురుగని మాత్రం అంది. గంగులమ్మకు తల కొట్టేసినట్టయింది. అంత సిగ్గు ఆమె ఏనాడూ పడలేదు.

వంటింటి పరదా వెనక ఒకే ఒక గూడు దొరికింది. ఏదో పురుగు బుట్ట దిగి వెళ్ళి అక్కడ కట్టుకుంది. గంగులమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. లోపల కదిలింది.

షుఐబా రేవులో కూలి చేసే అన్న నాగరాజు మర్నాడే వచ్చాడు. మన దేశానికి విమానాలు దొరికే అమ్మాన్‌కు వెళ్ళే బస్సులో ఇద్దరికీ చోటు దొరికింది, యల్లా, పోదాం పద అన్నాడు. ఆమె రానంది.

"పురుగు కోసరం బస్సు ఇడిసిపెడతావా? మళ్ళా వస్తాదో రాదో ఎవురికి తెలుసు?"

"నా చేత్తో సంపినా అన్నా. మిగిలిండే దాన్ని గూడా ఇడిసిపెట్టి పోతే, రేపు ఊర్లో ఏ మొగం పెట్టుకోని పురుగులకు ఆకేసేది?"

నాగరాజు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. చెల్లెలిని వదిలిపోవడానికి మాత్రం మనసొప్పక అక్కడే ఉండిపోయాడు. ఆ బస్సు వెళ్ళిపోయింది. రొట్టెల కోసం బారులు పెరిగాయి. వీధుల్లో తుపాకులు మోగుతుంటే గంగులమ్మ గూటి పక్కన గుడ్డ తడిపి వేసేది. అది రాకపోతే తన పంతం ఇద్దరి ప్రాణాల మీదికీ తెస్తుందని ఆమెకు తెలుసు, భయపడింది కూడా.

సెప్టెంబరులో ఒక సాయంత్రం గూడు కొస తడిసింది. పురుగు తోసుకుని బయటపడి పరదా పట్టుకుని పైకి పాకింది. నలిగిన గుడ్డపేలికల్లాంటి రెక్కలు నెమ్మదిగా సాగాయి. చూడబోతే ఎండుటాకు. ఇందుకా ఇన్నాళ్ళు ఆగింది అని నాగరాజు గొణిగాడు. మామా వేలి కొసతో దాన్ని తాకింది. ముందు రెక్కలు గభాలున పక్కకు జరిగాయి. వెనక రెండు నల్లటి కళ్ళు తెరుచుకుని ముగ్గురినీ చూశాయి. నాగరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. నడుమ ఉన్నది తెల్లటి గీత. మామా పుస్తకం తెచ్చి, గంగులమ్మ వేలు పట్టుకుని రెండో బొమ్మ మీద ఆనించింది. ఇద్దరూ ఏడ్చారు. ఆ పురుగుకు తినడానికి నోరు కూడా ఉండదని, కొద్ది రోజులే బతుకుతుందని మామా చెప్పింది. బతికినన్నాళ్ళూ దానికి వంటిల్లు వదిలేశారు.

ఆ వారమే ఇంకో బస్సు దొరికింది. ఎక్కేచోట అన్వర్ బాషా అనే ఆయన పేర్లు, పనులు రాసుకుంటున్నాడు. అడగకుండానే ఇంటిపని అని రాయబోతే గంగులమ్మ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పురుగులు సాకే మనిషి అని రాయి. దచ్చిన అమెరికా పురుగును రెక్కలొచ్చేదాకా సాకినా."

అన్వర్ బాషా కలం ఆపి, ఈమెకు మతి ఉందా అన్నట్టు నాగరాజు వైపు చూశాడు.

"అట్లే రాయి భాయ్," అన్నాడు నాగరాజు. "నేను జూసినా."