సున్నా పాయింటు రెండు

నేను ఒక చార్జి మీటరుని. మనిషి ఒంటి మీద చేరిన విద్యుత్తు ఎంతో, నన్ను తాకితే చాలు, అంకెల్లో చెబుతాను. హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. తుని దగ్గర ఒక బాణసంచా కర్మాగారంలో, మందు కలిపే గది గుమ్మం పక్కన తగిలించారు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ నా ఇత్తడి గుండును తాకాలి. యాభై నానోకూలుంబులు దాటితే వెళ్ళకూడదు. ఆ గదికి ఒక్క నిప్పురవ్వ చాలు.

వంద నానోలు దాటితే నేను మైక్రోల్లోకి మారిపోతాను. వెయ్యి నానోలు ఒక మైక్రో. అంకె చిన్నదవుతుంది, ప్రమాదం కాదు. మారానని చెప్పడానికి నా దగ్గర ఉన్నది అంకె పక్కన వెలిగే చిన్న అక్షరం ఒక్కటే.

సూపర్‌వైజర్ కోదండం డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాడు. ఈ లెక్క కూలీలకు నేర్పినవాడూ అతనే. కానీ రోజూ పద్దెనిమిది, ఇరవై, పాతిక చూసి చూసి అతని కళ్ళు చదవడం మానేశాయి. అంకె చిన్నదా పెద్దదా అన్నదే చూసేవి. అలవాటైన చోట మనుషుల చూపు వాళ్ళను వదిలేసి ముందుకు పోతుంది.

ఆ చలికాలం ఉదయం గాలి పొడిగా ఉంది. పని కాగానే ఆడపడుచు సీమంతానికి పోవాలని నూకరత్నం నైలాన్ చీర కట్టుకుంది. అక్కడి ఆడవాళ్ళందరిలాగే పైన మగవాళ్ళ నూలు చొక్కా తొడుక్కుంది. గుండును తాకింది. 0.2 అన్నాను. అంటే రెండు వందల నానోలు. కోదండం వెళ్ళమని తలూపాడు. ఆమె ఒంటి మీదిది నాలోకి దిగింది కానీ, ఆ చీర నాలుగడుగుల్లో మళ్ళీ పుట్టిస్తుంది.

వెనకనున్నావిడ తాకితే పద్దెనిమిది వచ్చింది. ఇందాకటి 0.2 పక్కన వెలిగిన అక్షరం వేరని కోదండానికి అప్పుడు తట్టింది. గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా అన్నాడు.

"నూకరత్నం, ఉన్నచోటే ఉండు. జల్లెడ ముట్టుకోకు."

"ఏటైంది బాబూ?"

"కదలకు."

చెప్పుల్లేని కాళ్ళతో నిలబడితే ఒంటి మీది విద్యుత్తును ఆ నేల మెల్లగా లాక్కుంటుంది. చాలాసేపటికి ఆమెను బయటికి నడిపించాడు.

గుమ్మం దగ్గరే ఆపి ఉంటే చీర మార్చుకుని వచ్చేది, అంతే. లోపలికి వెళ్ళింది కాబట్టి మేనేజరు ఆమెను సగం కూలికి తుక్కు షెడ్డులో వేశాడు. అసలు ఎలా పంపావని కోదండాన్ని అడిగాడు. కోదండం నావైపు చూశాడు.

"మీటరు తప్పు చూపించింది సార్."

నా బ్యాటరీ పీకి అదే షెడ్డులో పడేశారు.

నూకరత్నం నన్ను కొంగుతో తుడిచింది. "నన్ను చంపేద్దువు కదే దొంగముఖందానా" అని నవ్వింది. కోదండంబాబు లేకపోతే బూడిదయ్యేదాన్నని, పిల్లల చేత ఆయనకు దండం పెట్టిస్తున్నానని పక్కావిడకు చెప్పింది. నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట నాకు ఊరటనివ్వడం లేదు. ప్రాణం పోయే సంగతిని అంత చిన్న అక్షరంలో చెప్పడం, చెప్పడమా, చెప్పి తప్పించుకోవడమా?

తుక్కు కొనేవాడు కాటా తెచ్చిన రోజు కోదండం వచ్చాడు. నూకరత్నం నన్ను ఎత్తి చూపించింది.

"దీన్ని తిట్టుకోకండి బాబూ. యంత్రం కదా, దానికేటి తెలుస్తాది?"

కోదండం ఏదో అనబోయాడు. ఆమె ఎదురుచూసింది. అతను కాటా మనిషి వైపు తిరిగాడు.

"ముందు దాన్ని తూకం వెయ్యి," అన్నాడు.