కట్ట మీద ఆగే చప్పుడు

మా ఇంటి వరండాలో మంచం వేసుకుని పడుకున్న పాపాన ఎవరూ పోలేదు. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక జపాను బండి పడుకుని ఉండేది. ఇంజను ఒక మూల, ట్యాంకు ఒక మూల, చక్రాలు గోడకి జారగిలబడి. మా ఆయన రామాంజనేయులుకి మిరప చేను ఒక కన్నయితే ఆ పాత మోటారు సైకిళ్లు రెండో కన్ను. నేను మూడో కన్నుని. అది తెరుచుకుంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు కాబట్టి రోజూ కాస్త భయపడుతుండేవాడు.

పాత యమహాలు, సుజుకీలు, కవాసాకీలు. చీరాల నుంచీ ఒంగోలు నుంచీ ఎవరెవరో ఆటోల్లో వేసుకుని తెచ్చేవాళ్లు. కొన్నయితే దొడ్లో పడి కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చే స్థితిలో ఉండేవి. ఈయన వాటిని విప్పి, డీజిలులో కడిగి, ఎక్కడెక్కడి సామానో తెప్పించి, పొలం పని లేనప్పుడల్లా ముందర కూర్చుని నెలల తరబడి బతికించేవాడు.

"ఈ ఇనప ముక్కల మీదున్న ప్రేమలో వీసమెత్తు నా మీద పెట్టకూడదూ?" అనేదాన్ని.

"నువ్వెప్పుడన్నా పాడయితే గదా, బాగుచేసేదానికి" అనేవాడు తల ఎత్తకుండానే.

నా పని స్పానర్లు అందించడం. మొదట్లో "పదోది ఇవ్వు, పన్నెండోది ఇవ్వు" అని అడిగేవాడు. పోనుపోను అడగడం మానేశాడు. చెయ్యి వెనక్కి చాపితే చాలు, చాపిన తీరును బట్టి ఏది కావాలో నేనే పెట్టేదాన్ని. చిన్న చిన్న సామాను పారిపోకుండా ఉండటానికి నా పాత పోపుల డబ్బా కాజేశాడు. ఆవాల గదిలో కార్బురేటర్ తాలూకువి, మెంతుల గదిలో ఆయిలు పంపువి, జీలకర్ర గదిలో బ్రేకులవి, నడిమధ్య ఎండుమిరపకాయల గదిలో పెద్ద నట్లు. నాకు వాటి ఇంగ్లీషు పేర్లు రావు కానీ ఏది ఏ గదిలోదో కళ్లు మూసుకుని చెప్పగలను.

మా సొంత బండి నల్ల యమహా ఆర్‌ఎక్స్. పెళ్లయిన కొత్తలో కొన్నాడు. దాని మీద నాకంటే మిరపకాయల బస్తాలే ఎక్కువ ఊరేగాయి. కారం దుమ్ము సీటు స్పాంజిలోకి ఎంత ఇంకిపోయిందంటే ఎండలో పెట్టిన సీటు మీద కూర్చున్నవాడు ఎవడైనా సరే తుమ్మాల్సిందే. ఊళ్లోవాళ్లు దాన్ని శకునం బండి అనేవాళ్లు.

మా వీధి కాలవ కట్ట మీద నుంచి పల్లానికి దిగుతుంది. సాయంత్రం పొలం నుంచి వస్తూ ఆయన కట్ట మీద కరెంటు స్తంభం దగ్గరే ఇంజను ఆపేసేవాడు. అక్కడి నుంచి వాలే కదా, బండి దానంతటదే మా గేటు దాకా జారుకుంటూ వచ్చేది. "చుక్క పెట్రోలు మిగిలినా మిగిలినట్టేగా" అనేవాడు. బళ్ల మీద ప్రాణం పెట్టిన మనిషి పెట్రోలు దగ్గర మాత్రం పక్కా రైతు. వంటింట్లో ఉన్న నాకు చప్పుడు వినపడి, ఆగిపోయేది. వెంటనే పప్పు గిన్నె పొయ్యి మీద పెట్టి "చేతులు కడుక్కుని రా!" అని కేకేసేదాన్ని. అప్పటికి ఆయన గేటు దాకా వచ్చి కూడా ఉండడు. అయినా అరిచేదాన్ని. అరవకపోతే ఆ గ్రీసు చేతులతోనే కంచం ముందు కూర్చునే రకం.

ముందటేడు వానాకాలంలో, తన బండిని తాను విప్పే తీరిక ఆయనకి దొరికింది. ఊరందరి బళ్లూ అయ్యాక మా బండి వంతు వచ్చింది. ఇంజను దించాడు, ముక్కలు కడిగాడు, డబ్బాలో ఏ గదిలోవి ఆ గదిలో సర్దాడు. "దీపావళికి నిన్నెక్కించుకుని కొత్తపట్నం సముద్రానికి తీసుకెళ్తా" అన్నాడు. ఆ మర్నాడు చేలో మందు కొడుతూ గుండె పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు.

పెద్దకర్మకి వచ్చిన చుట్టాలకి వండి వార్చే హడావిడిలో మా ఆడపడుచు వెంకటరావమ్మ వరండాలో డబ్బా చూసింది. "పోపుల డబ్బాలో మేకులేంది, అమంగళం" అని ఉన్నదంతా ఒక ప్లాస్టిక్ కవర్లోకి కుమ్మరించి, డబ్బా కడిగి, పోపుసామాను నింపింది. నేను చూసేసరికి అయిపోయింది. ఏడుపులో ఉన్నదాన్ని కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఆ రోజు ఆవిడకీ నాకూ జన్మలో మాటలు ఉండేవి కావు.

ఏడాదంతా బండి దుప్పటి కింద అలాగే ఉంది. కొంటామని అడిగినవాళ్లకి లెక్కలేదు. మొదటి లాటుదనీ, లోపల సామాను జపానులో తయారైందనీ ఎవరో చెబితే ఒంగోలు నుంచి ఒకాయన కారులో వచ్చాడు. మంచినీళ్లిచ్చి పంపించేశాను. మా అమ్మాయి తేజశ్రీ నరసరావుపేట నుంచి వచ్చినప్పుడల్లా అదే పాట.

"ఎవరికన్నా ఇచ్చెయ్యమ్మా. దాన్ని చూసినప్పుడల్లా ఏడుస్తున్నావు."

"చూసి కాదే నేనేడ్చేది. వినపడక."

అది నిజం. బండి నాకెందుకు? నాకు తోలడం రాదు. సాయంత్రం అయ్యేసరికి మాత్రం చెవులు కట్ట వైపు తిరిగేవి. ట్రాక్టర్లు వస్తాయి, కొత్త బళ్లు వస్తాయి, అది రాదు. మనిషి రాడని నాకు తెలియక కాదు. ఒక్కసారి ఆ చప్పుడు కట్ట మీద నుంచి రావాలి, నేను వంటింట్లో ఉండి వినాలి. ఇంకేమీ వద్దనుకున్నాను. ఈ కోరిక ఎవరికి చెప్పినా పిచ్చిదనుకుంటారని మాబుకి మాత్రమే చెప్పాను.

మాబుకి పర్చూరు సెంటర్లో మెకానిక్ షాపు ఉంది. వాడికీ మా ఆయనకీ ఒక్క క్షణం పడేది కాదు, ఒకళ్లు లేకపోతే ఇంకొకళ్లకి తోచేదీ కాదు. వాడు పూటకి నాలుగు బళ్లు పంపాలి. ఈయన ఒక్క బోల్టుకి పూటంతా పాలిష్ పెడతాడు. "బాబాయ్ బండి బాగుచెయ్యడు పిన్నీ, పెళ్లికూతుర్ని చేస్తాడు" అని నవ్వేవాడు. నేను చెప్పింది విని మాత్రం నవ్వలేదు.

"ఆదివారం వస్తా" అన్నాడు.

ఆదివారాలు వస్తూ పోయాడు. కవర్లో కలగాపులగమైన సామాను నేను నేల మీద చీర పరిచి పోశాను. ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి, ఇది ఆవాలది, ఇది జీలకర్రది అని కుప్పలు పెట్టాను. కొన్నిటిని చూస్తే గుర్తురాలేదు కానీ పట్టుకుంటే గుర్తొచ్చింది.

"పైలట్ జెట్టేది పిన్నీ?"

"నాకా పేర్లు చెప్పమాకురా. ఎట్టుంటదో చెప్పు."

"సన్న రంధ్రం, ఇత్తడిది."

"ఆవాల కుప్పలో చూడు."

వాడు చెయ్యి చాపేవాడు, నేను స్పానర్ పెట్టేదాన్ని. రెండుసార్లు తప్పు స్పానర్ ఇచ్చాను. వాడి చెయ్యి చాపే తీరు వేరు. ఆ సంగతి తెలిసినప్పుడు లోపలికి వెళ్లి కాసేపు నీళ్ల బిందె దగ్గర నిలబడి వచ్చాను. కొత్త సీటు వేస్తానని వాడంటే ఒప్పుకోలేదు. సీటు దులిపినప్పుడు ఇద్దరం తుమ్మాం, ఆ తుమ్ములకి నాకు ప్రాణం లేచొచ్చింది.

మొత్తానికి ఇంజను ఎక్కింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. తీరా చూస్తే మెంతుల గదిలోది ఒకటి తక్కువైంది. ఆయిలు పైపు చివర సన్న ఇనప గుండు ఒకటుంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆయిలు ఇంజనులోకి కారిపోకుండా అడ్డంగా కూర్చునేది అదే. కవరు తిరగేశాం, వరండా చిమ్మాం. లేదు.

"షాపులో ఇట్టాంటి గుండ్లు బోలెడు పిన్నీ. ఒకటి తెచ్చి ఏసేస్తా."

"వద్దు. ఆయన కడిగి పెట్టిందే కావాల."

"గుండుకి గుండు తేడా ఏముంటది?"

"నీకు చెప్పినా అర్థం గాదు, పోరా."

వాడు కోపంగా వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. నాది మొండితనమేనని నాకూ తెలుసు. కానీ ఆ ముక్కలన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవి. అందులో ఒకటి బయటిదైతే వచ్చే చప్పుడు ఆయనది కాదేమోనని భయం. ఇంత చదువుకున్నావే, ఇదేం మాటమ్మా అని తేజశ్రీ ఫోనులో విసుక్కుంది. పదో తరగతిని చదువనుకుంటే చదువుకున్నదాన్నే.

మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజులు వచ్చాయి. ఊరంతా ఘాటు. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయ కూరకి పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడాయి. అన్నీ పేలిపోయాక కూడా ఒక్కటి పేలకుండా మూకుడు అడుగున దొర్లుతోంది. గరిటెతో తిప్పితే టింగుమంది. స్టవ్ ఆపి, గరిటెతో తీసి, నీళ్లలో పడేసి చూశాను. ఇనప గుండు. ఆవగింజకి అన్నలాగా ఉంది. మా ఆడపడుచు డబ్బా కడిగినప్పుడు మూలన ఇరుక్కుపోయి, మీద పోసిన ఆవాలతో కలిసి, చుట్టాలు వెళ్లాక మిగిలిన ఆవాలు నేను సీసాలోకి వంచినప్పుడు అందులో చేరిందన్నమాట. ఏడాదికి పైగా నా పొయ్యి పక్కన గూట్లోనే ఉంది. నేను నేల మీద కూర్చుని, అది గుప్పిట్లో పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. కూర మాడిపోయింది.

మాబుకి ఫోను చేస్తే షాపు మూసి వచ్చేశాడు. విషయం విని గుండు వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు.

"చూసుకోకుండా మింగేసుంటే ఏం జేసేవాళ్లం పిన్నీ?"

"బండికి బదులు నన్నే కిక్కు కొట్టి స్టార్ట్ చేసేవాడివి. ముందు పని కానియ్యి."

పొద్దు వాలే వేళకి బండి తయారైంది. కిక్కు కొడితే మూడుసార్లు ఊరికే దగ్గింది. తర్వాత అందుకుంది. వరండా అంతా ఆ పొగ, ఆయిలు వాసన. నేను పక్కనున్న స్తంభం పట్టుకున్నాను.

"మా చేను దాకా ఎళ్లిరారా" అన్నాను. "తొందర లేదు. నేను లోపలుంటా."

వాడు వెళ్లాడు. నేను వంటింట్లోకి వెళ్లి, మామూలుగా నిలబడే చోట, పొయ్యి ముందు నిలబడ్డాను. పప్పు గిన్నె సిద్ధంగా పెట్టుకున్నాను. కొంగు సర్దుకున్నాను. ఈ వయసులో పెళ్లిచూపులకి కూర్చున్నట్టు ఇదేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

చప్పుడు వచ్చింది. అదే. ఒక్క పిసరు తేడా లేదు. కట్ట మీదికి వచ్చింది, వీధిలోకి దిగింది, దగ్గరికి, ఇంకా దగ్గరికి, గేటు ముందుకి వచ్చి, ఇల్లదిరేలా ఒకసారి రయ్యిమని ఆగింది.

"పిన్నీ! ఇన్నావా? గడియారం లాగుంది!"

నాకు ఏమీ కాలేదు. పప్పు గిన్నె చేతిలోనే ఉంది. కళ్లలో నీళ్లు లేవు, నోట్లో కేక లేదు. వీధిన పోయే ఎవరి బండో వచ్చి ఆగినట్టుంది. ఇన్నాళ్లూ దీనికోసమా చచ్చానని ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. ఆయన ఇప్పుడు నిజంగా పోయాడనిపించింది. ఆ వెంటనే పట్టరాని కోపం వచ్చింది. విసవిసా బయటికి నడిచాను.

"ఇంటి ముందు దాకా ఇంజనాపకుండా ఎవర్రా రమ్మంది నిన్ను?"

వాడు బిత్తరపోయాడు. "మరెట్టా రావాలి పిన్నీ?"

వాడు అలా అడిగేదాకా తేడా ఎక్కడుందో నాకే తెలియలేదు. చెయ్యి ఎత్తి కట్ట మీద కరెంటు స్తంభం చూపించాను.

"అక్కడాపాల. ఆపేసి, వాలుకి వదిలెయ్యాల. మీ బాబాయ్ అట్టనే వచ్చేవాడు."

మాబు స్తంభం వైపు చూశాడు. నా వైపు చూశాడు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ పొయ్యి ముందు నిలబడ్డాను. చప్పుడు దూరంగా మొదలైంది. కట్ట ఎక్కింది. స్తంభం దగ్గర ఆగిపోయింది.

వీధి నిశ్శబ్దమైపోయింది. ఎక్కడో కోడి అరిచింది. వాలులో టైర్ల కింద మట్టి నలుగుతున్న సన్నని చప్పుడు ఒకటి ఉందో లేదో అన్నట్టు ఉంది. నేను ఇన్నాళ్లూ కలవరించింది దీనికోసమేనని అప్పుడు తెలిసింది. ఇంజను ఆగాక, గేటు తెరుచుకునే లోపల, ఆయన వస్తూ ఉంటాడు. ఇంకా కనపడడు, కానీ వస్తూ ఉంటాడు. ఆ కాసేపట్లో ఆయన లేడని నాకు చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. నా చెయ్యి పప్పు గిన్నెని పొయ్యి మీద పెట్టింది.

"చేతులు కడుక్కుని రా!" అని అరిచాను. ఏడాదికి పైగా గొంతులో ఉండిపోయిన కేక ఇల్లంతా వినపడింది.

గేటు కిర్రుమంది. స్టాండు వేసిన చప్పుడైంది. ఇప్పుడు వాడు పిన్నీ అని పిలుస్తాడు, అంతా అయిపోతుంది అనుకున్నాను.

వాడు పిలవలేదు. కాసేపటికి పెరట్లో పంపు తిప్పిన చప్పుడైంది. నీళ్లు పడుతున్నాయి. గ్రీసు వదలగొట్టుకునే మనిషి ఎంతసేపు కడుక్కుంటాడో అంతసేపూ, తొందరపడకుండా, నీళ్లు పడుతూనే ఉన్నాయి.

నేను గూట్లోంచి ఆయన కంచం తీసి తుడిచాను.