చేమమడిలో ఎర్ర పుల్లలు

ఆ పొద్దున ఇంట్లో గొడవ ఇనప టోపీ దగ్గర మొదలైంది.

నీళ్ళ డ్రమ్ము పక్కన మేకుకు వేలాడుతూ ఉండాల్సిన టోపీ లేదు. ఇలెబ్రంగ్ డ్రమ్ము వెనక చూసింది, కోళ్ళ గూటి మీద చూసింది, చివరికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆమె మొగుడు ఇసావో బల్ల దగ్గర కూర్చుని వక్క చీలుస్తున్నాడు. అతని తీరిక చూస్తేనే సగం సంగతి అర్థమైపోయింది.

"ఎవరికిచ్చావు?"

"ఏది?"

"నాతో ఏది అనకు. మేకు ఖాళీగా ఉంది."

ఇసావో వక్కముక్క మీద సున్నం చల్లి, ఆకు చుట్టి, బుగ్గన పెట్టుకునేదాకా నోరు విప్పలేదు. నోటి నిండా వక్క ఉంటే జవాబు చెప్పక్కర్లేదని ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకున్నాడు. ఆమె కదలకపోయేసరికి ఒక్కొక్కటే గొణిగాడు. నిన్న బావ, అంటే ఆమె అన్న మైదెసిల్, వచ్చి అడిగాడట. వచ్చేవారం జపాన్ నుంచి అతిథులు దిగుతారట. స్వాగతం రోజు బల్ల మీద పెట్టడానికి యుద్ధం నాటి సామాన్లు కావాలట. అయినా బకెట్ ఉంది కదా అన్నాడు.

బకెట్ మాట వినగానే ఆమెకు ఒళ్ళు మండింది. ప్లాస్టిక్ బకెట్ అంచు మొద్దు. దాంతో గీస్తే బురద పక్కకు జారుతుంది గానీ పైకి రాదు. టోపీ అలా కాదు. ఎవరో సిపాయి తల మీంచి ఊడి పడ్డ ఆ ఇనప టోపీని ఆమె అమ్మమ్మ మడిలోకి దింపిన నాటి నుంచి మూడు తరాల చేతులు దాన్ని బురదలోకి తోశాయి. అంచు అరిగి అరిగి గరిటెలా తేలింది. వాడిన ప్రతిసారీ కడిగి, కొబ్బరినూనె రాసి, మేకుకు తగిలిస్తారు కాబట్టి తుప్పు దాన్ని తినెయ్యలేదు.

"నాకంటే ముందు నుంచీ నీ దగ్గరుంది. అందుకే దానిమీదే నీకు ప్రేమ" అన్నాడు ఇసావో, నవ్వించబోయి.

"అవును. అవసరమైతే పని చేస్తుంది. లేకపోతే నోరు మూసుకుని మేకుకు వేలాడుతుంది."

ఆమె బకెట్ తీసుకుని, గడ్డిటోపీ పెట్టుకుని మడికి బయల్దేరింది. దారిపొడుగునా బకెట్ మోకాలికి కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకున్నప్పుడల్లా అన్నయ్య మీద కోపం ఇంకాస్త రగిలింది. అయినా అది చిన్న కోపమే. సాయంత్రం ఇంటికెళ్ళి నాలుగు మాటలు దులిపేస్తే పోయేదే.

మడి గట్టు ఎక్కేదాకా ఆమె అలాగే అనుకుంది.

చేమ ఆకుల మధ్య ఎర్ర గుడ్డలు కట్టిన పుల్లలు కనిపించాయి. ఒకటి కాదు, మడి ఈ చివర నుంచి ఆ చివరకు బారుగా గుచ్చి ఉన్నాయి. పుల్లల పక్కన బురదలో బూట్ల అచ్చులు. మోకాలి ఎత్తు ఆకులు తొక్కుడుపడి ఉన్నాయి. లేత కాడలు విరిగి, తెల్లటి పాలు కారి, అప్పటికే నల్లబడ్డాయి.

ఈ పెలెలియు ద్వీపంలో పుట్టిన ఏ మగాడూ చేమమడిలో కాలు పెట్టడు. పాకే వయసులో తల్లి చంక దిగి ఆడుకుంటే ఆడుకుంటాడు. ఆ తర్వాత గట్టు మీద నుంచే పిలవాలి. పక్క మడిలో కలుపు తీస్తున్న పినతల్లి కూతురు కెరూల్ నడుం ఎత్తి, నిన్న మధ్యాహ్నం వచ్చారని చెప్పింది. ఇద్దరు కొత్త మనుషులు కీచుమనే యంత్రం పట్టుకుని మడి అంతా తిరిగారట. మైదెసిల్ గట్టు మీద నిలబడి అటు వెళ్ళండి, ఇటు వెళ్ళండి అని చూపించాడట.

"పెద్దమ్మ ఒప్పుకుందేమో అనుకున్నానే. ఒప్పుకోకుండా ఎందుకు దిగుతారు?" అంది కెరూల్. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే శుక్రవారం పడవలో పంపు కూడా వస్తోందట. నీళ్ళన్నీ తోడేసి, అడుగు కనిపించేదాకా తవ్వుతారట. ఎవరిదో సిపాయి ఎముకలు ఉన్నాయంట" అంది.

ఇలెబ్రంగ్ గట్టు మీద అలాగే కూర్చుండిపోయింది.

నీళ్ళు తోడేస్తే ఏమవుతుందో మడిలో నిలబడ్డ ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది. ఈ ద్వీపం అంతా చిల్లుల పగడపురాయి. మడిలో మంచినీళ్ళు పై నుంచి అదిమి పట్టినంత కాలమే అడుగున ఉన్న సముద్రం కిందే ఉంటుంది. మంచినీళ్ళు తీసేస్తే ఉప్పు పైకొస్తుంది. చేమ వేళ్ళు కుళ్ళి దుంప ముద్దగా చేతికొస్తుంది. ఒకసారి అలా జరిగింది కూడా. అప్పుడు ఇలెబ్రంగ్ పుట్టలేదు, కానీ ఆ కథ వినకుండా ఆమె ఒక్క దుంప కూడా ఒలవలేదు.

యుద్ధం ఇక్కడిదాకా రాకముందు, అప్పట్లో ద్వీపాన్ని ఏలుతున్న జపాన్ వాళ్ళు ఊరందరినీ పడవలెక్కించి ఉత్తరాన పెద్ద ద్వీపానికి పంపేశారు. తిరిగొచ్చేసరికి ద్వీపం ఒలిచిన కొబ్బరిచిప్పలా తెల్లగా ఉంది. చెట్టన్నది లేదు. ఎవరిల్లు ఎక్కడో, పెద్దల సమాధి రాళ్ళు ఎక్కడో తెలిపే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. అమ్మమ్మ చెప్పులు విప్పేసి నడిచిందట, పాదానికి తడి తగిలేదాకా. తగిలిన చోటే మన మడి అంది. అక్కడ బాంబు పడ్డ గుంటలో ఉప్పునీళ్ళున్నాయి. ఆ గుంట పూడ్చి, ఉప్పు కడిగి, ఆకులు తొక్కి మళ్ళీ మట్టి తయారుచెయ్యడానికి అమ్మమ్మ పడుచుదనం అంతా పోయింది. అప్పుడు పక్కన టోపీతో బురద మోసిన చిన్నపిల్ల ఇప్పుడు ఇంట్లో చాప మీద కూర్చున్న అమ్మ, తొయోమి.

అమ్మ పేరు కూడా వాళ్ళు పెట్టిందే. ఇలెబ్రంగ్‌కి ఆ క్షణంలో ఎందుకో దాని మీద కూడా కోపమొచ్చింది.

అన్నయ్య రేవు దగ్గర దొరికాడు. స్వాగతం పందిరికి కొబ్బరాకులు కట్టిస్తున్నాడు. మైదెసిల్ మంచివాడని అందరూ అంటారు. తెల్ల చొక్కా నలక్కుండా ఉంటుంది. వచ్చిన ఏ అతిథితోనైనా వాళ్ళ భాషలో నాలుగు మాటలు ఆడగలడు. ఇంటి పెద్దరికం అతనికి కట్టబెట్టిన రోజు అమ్మా, అమ్మ అక్కచెల్లెళ్ళూ కూర్చుని, ఈ పిల్లాడైతే నలుగురిలో మాట పడనివ్వడు అనుకున్నారు. ఆ ఇంట్లో పెద్దరికం మగవాడిదే అయినా దాన్ని ఎవరికివ్వాలో చెప్పేది ఆడవాళ్ళు. నేల సంగతి సరేసరి, అది పూర్తిగా ఆడవాళ్ళదే.

ఆమె అరవలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆకులు కట్టడం ఆపేస్తారని, గొంతు తగ్గించే అడిగింది. అతను కూడా మెల్లిగానే జవాబిచ్చాడు. వచ్చేవాళ్ళలో ఒక ముసలావిడ ఉందట. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే తండ్రి సిపాయిగా ఇక్కడికొచ్చి చనిపోయాడు. పోయినేడు కొండ అంచున నిలబడి, అన్నం ముద్దా సిగరెట్టూ పెట్టి, నాన్నా అని పిలిచింది. అది విన్నాక అతనికి నిద్ర పట్టలేదట. పాత పటం చూస్తే ఆ దళం చివరగా ఉన్నది మన మడి దగ్గరే.

"కళ్ళెదురుగా ఏడుస్తుంటే ఏమనమంటావు?"

"మా అమ్మనడగండి అనాల్సింది."

"అమ్మనడిగితే కుదర్దనేది."

"అందుకే అడగలేదన్నమాట."

మైదెసిల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఒక్క మడి గురించి ఇంత రాద్ధాంతం దేనికన్నాడు. మళ్ళీ నాటుకోవచ్చన్నాడు. ఆలోగా బియ్యం పడవలో వస్తూనే ఉన్నాయన్నాడు. ఎనభై ఏళ్ళుగా అక్కడ పడున్న మనిషికి ఇల్లు చేరే హక్కు లేదా అని కూడా అడిగాడు. ఆ చివరి మాట ఆమెకు గుచ్చుకుంది.

ఇంటికి నడుస్తుంటే జవాబులు గుంపులుగా వచ్చాయి. ద్వీపం నిండా రాళ్ళే. ఒక రాయి మీద జపాన్ సిపాయిల పేర్లు, ఇంకో రాయి మీద వాళ్ళతో పోరాడిన దేశం సిపాయిల పేర్లు. ఏటా ఇద్దరూ వచ్చి పూలు పెట్టుకుంటారు, ఒకళ్ళకొకళ్ళు వంగి దణ్ణాలు పెట్టుకుంటారు, మీ ద్వీపం ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకుంటారు. బడిపిల్లలు ఇద్దరి పాటలూ పాడతారు. యుద్ధం నాటి పాత రన్‌వే మీద అడవి కొట్టి మళ్ళీ చదును చేస్తున్నారు, యంత్రాల చప్పుడు మడి దాకా వినిపిస్తుంది. అప్పటి యుద్ధంలో బుల్‌డోజర్ కింద పోయిన పెద్దల సమాధులు ఎక్కడున్నాయో వెతకడానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ కీచుమనే యంత్రం తేలేదు. ఆ ముసలావిడ మీద ఆమెకు కోపం లేదు. ఆవిడ కన్నీళ్ళకు బదులుగా అమ్మ చాకిరీని ఎత్తిచ్చిన మనిషి మీదే కోపమంతా.

తొయోమి అంతా వింది. చెవులు కాస్త మందం గానీ, ఈ సంగతి రెండోసారి చెప్పించుకోలేదు. ఆకులెన్ని విరిగాయని అడిగింది. తర్వాత, ఆదివారం చర్చి అయ్యాక అన్నయ్యని భోజనానికి పిలవమంది. వస్తూ టోపీ తెమ్మంది.

"నువ్వే మాట్లాడతావా అమ్మా?"

"మడిలో దిగేది ఎవరు? నేనా? దిగేవాళ్ళే మాట్లాడాలి. తప్పు మాట్లాడితే ఆపుతాను."

ఆదివారం మైదెసిల్ ఎప్పటిలాగే చేపలు పట్టుకొచ్చాడు, తాటాకు తాడుకు గుచ్చి. ఆ ఇంట్లో చేప మగవాళ్ళది, చేమ ఆడవాళ్ళది. అన్న చేప తెస్తాడు, చెల్లెలు చేమ వండిపెడుతుంది. పెళ్ళిళ్ళయి ఎవరిళ్ళు వాళ్ళవైనా అది తప్పదు. చంక కింద గుడ్డలో చుట్టి టోపీ కూడా తెచ్చాడు. చెల్లెల్ని మంచి చేసుకోవాలని ఉన్నట్టుంది, గుడ్డ తనే విప్పి చూపించాడు.

టోపీ నల్లగా మెరిసిపోతోంది. కొత్త రంగు వేయించాడు. అంతటితో ఆగలేదు. ముట్టుకున్న అతిథులకు చెయ్యి తెగుతుందేమో అని ఆకురాయితో అంచంతా గుండ్రంగా అరగదీయించాడు.

ఇలెబ్రంగ్ ముట్టుకోలేదు. తొయోమి చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి నిమిరింది. నిమిరి, పక్కన చాప మీద బోర్లించింది. ఇసావో, తను మేకు మీంచి తీసిచ్చిన సంగతి గుర్తొచ్చినట్టు, చేపలు కాల్చే వంకతో పెరట్లోకి వెళ్ళి, పిలిచేదాకా రాలేదు.

అందరూ కూర్చున్నాక ఇలెబ్రంగ్ వడ్డించింది. అమ్మ కంచంలో చేప, ఉడికిన చేమదుంప, చేమాకు పులుసు. ఇసావో కంచంలోనూ అవే. అన్నయ్య కంచంలో కాల్చిన చేప ఒక్కటే పెట్టి, దుంపల గిన్నె తన పక్కకు జరుపుకుంది.

మైదెసిల్ మర్చిపోయిందనుకున్నాడేమో, గిన్నె వైపు చెయ్యి చాచాడు. గిన్నె మీద ఆమె చెయ్యి ఉంది.

"ఇదేంటి చెల్లీ?"

ఆమె గొంతు ఆమెకే వింతగా వినిపించింది. అంత కోపంలో అంత నెమ్మదిగా మాట్లాడగలనని ఆమె అనుకోలేదు.

"మడిలో నీళ్ళు తోడరు. శుక్రవారం పంపు దిగితే రేవులోనే ఉంటుంది. ఇంకోసారి బూటు దిగితే ఊళ్ళో ఆడవాళ్ళందరం గట్టు మీద కూర్చుంటాం, ఎవరు దిగుతారో చూస్తాం. పుల్లలు నేనూ కెరూల్ పీకేశాం."

"మరి ఆ ముసలావిడకి ఏం చెప్పను? రావద్దనా?"

"రమ్మను. ఇక్కడికి రమ్మను. ఈ చాప మీద కూర్చుని అమ్మని అడగమను. అమ్మ సరేనంటే మేమే వెతుకుతాం. దుంప పీకినప్పుడల్లా అడుగు దాకా చేతులతో తడుముతాం, తడిమి అక్కడే మళ్ళీ నాటుతాం. వరస తర్వాత వరస. వాళ్ళ నాన్న ఉంటే దొరుకుతాడు. కడిగి ఆవిడ చేతిలో పెడతాం."

"ఏళ్ళు పడుతుందే."

"మాకు పట్టలేదా?"

మైదెసిల్ అమ్మ వైపు చూశాడు. తొయోమి ముల్లు తీసుకుంటోంది. ఆపలేదు.

"ఇంక నీ సంగతి" అంది ఇలెబ్రంగ్. "స్వాగతం రోజు జెండాల ముందు నిలబడి, నాది కానిది ఇచ్చేశాను అని నీ నోటితో చెప్పాలి. మన భాషలో ఒకసారి, వాళ్ళ భాషలో ఒకసారి. నీకు వచ్చు కదా. చెప్పేదాకా నా చేమ నీ కంచంలో పడదు. ఆ రోజు విందుకి ఈ ఇంటి ఆడవాళ్ళ గంప ఒక్కటి కూడా రాదు."

"ఒట్టి చేపతో విందు పెట్టమంటావా? ఊరు నవ్వుతుంది."

"నవ్వనీ."

అతను ఇసావో వైపు తిరిగాడు. "బావా, నువ్వైనా చెప్పు."

ఇసావో దుంప ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నోటి నిండా ఉంది కాబట్టి మాట్లాడక్కర్లేకపోయింది.

తొయోమి ముల్లు కంచం అంచున పెట్టి, వేళ్ళు తుడుచుకుంది. "అది చెప్పిందే ఈ ఇంటి మాట" అంది కొడుకుతో. "చేప చల్లారిపోతోంది, తిను."