బొటనవేలి నూనె

రోజ జొన్నరొట్టె తడుతోంది. వాకిట్లోంచి అన్న కాలేబు గొంతు వినిపించింది.

"రోజా, ఇంకో గుడ్డ తే! జల్దీ!"

సగం కాలిన రొట్టెను పక్కకు తీసి, మడతపెట్టిన పాత లుంగీ ముక్కను పెంక మీద పరిచింది. వేడెక్కగానే రెండు చేతుల మధ్య మార్చుకుంటూ కారు దగ్గరికి పరుగెత్తింది. పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. బండ్లకు స్టిక్కర్లు అంటించే రేడియం దుకాణం ఆసిమ్ దగ్గర వాటిని మెత్తబరిచే వేడిగాలి మిషను ఉంది గానీ కరెంటు లేకుంటే అది దేనికీ కొరగాదు. అందుకే ఈ రోజు కారు పని రొట్టెల పెంక మీద నడుస్తోంది.

కారు షఫీయుద్దీన్ సేటుది. హైదరాబాదులో పాతది కొని, లోపల డాష్‌బోర్డుకూ తలుపులకూ నల్లటి కార్బన్ షీటు అంటింపించాడు. చాప అల్లినట్టు గళ్లు గళ్లుగా మెరిసే ఆ షీటంటే ఆయనకు ప్రాణం. బండెక్కిన వాళ్లకు ముందుగా దాన్నే చూపిస్తాడు. కాలేబు డ్రైవరుగా కుదిరాక బండి రాత్రిళ్లు వాళ్ల వాకిట్లోనే ఉంటుంది. కొద్ది నెలలకే షీటు స్టీరింగు పక్కన, తాళం పెట్టే చోటుకు పైన, లేవడం మొదలైంది. మొదట చిన్న బుడగ. తరువాత మానుతున్న పుండు మీది పక్కులా అంచు విడిచింది. ఆసిమ్ రెండుసార్లు తీసి కొత్తది వేశాడు. రెండుసార్లూ అదే మూలన ఊడింది. ఇది మూడోసారి. ఇప్పుడు వేసేది తప్ప ఆ రకం షీటు ఇక ముక్క కూడా మిగల్లేదు.

నిన్న సేటు తేల్చి చెప్పేశాడు. "ఎల్లుండి పొద్దున మా వియ్యంపులోళ్లను బీదర్ తీస్కపోవాలె. షీటు గిట్లనే ఊడి ఉంటే తాళం మా బామ్మర్ది మతీన్‌కిచ్చెయ్. నువ్వు గోర్లతోని గీకుతున్నవో ఏం చేస్తున్నవో నాకెర్కలేదు."

అప్పటి నుంచి కాలేబుకు తిండి సయించలేదు. హైదరాబాదులో కట్టడం పనికి పోయినప్పుడు గోడకు కట్టిన పరంజా మీంచి పడి అతని కుడిచేయి విరిగింది. ఆ చేయి ఇప్పుడు స్టీరింగు తిప్పుతుంది గానీ సిమెంటు తట్ట ఎత్తలేదు. ఈ తాళం పోతే అతనికి చేయడానికి ఇంకో పని లేదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

ఆసిమ్ పాత షీటు పూర్తిగా లాగేసి, కింది ప్లాస్టిక్ మీద వేలు రాశాడు. వేలు మెరిసింది.

"అరె భాయ్, నిజం చెప్పు. దేంతోని తుడుస్తున్నవ్?"

"ఉత్త గుడ్డతోనిరా."

"మరి గీ జిడ్డేంది? ఊళ్లె ఎవ్వని బండికీ ఊడలే, నీ బండికే ఊడుతది. నా దుకాణం పేరు ఖరాబైతుంది." వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కొబ్బరినూనె! నీ నెత్తికి పెట్టేది సగం డాష్‌బోర్డే తాగుతున్నట్టుంది."

"నా నెత్తి నూనె లేక కాకిగూడు లెక్కున్నది, కనవడ్తలేదా?"

ఆసిమ్ నవ్వాడు. కాలేబు నవ్వలేదు. రోజ చేతిలో గుడ్డ చల్లారిపోయింది.

ఆ నూనె ఎక్కడిదో ఆమెకు తెలుసు.

గోడ గూట్లో బైబిలు పక్కన చిన్న సీసా ఉంటుంది. ఉపవాస ప్రార్థనలో పాస్టరమ్మ ప్రార్థించి ఇచ్చిన నూనె. తెల్లవారగానే, కాలేబు స్నానానికి పోయిన వేళ, తల్లి రిబ్కమ్మ మేకుకున్న తాళం తీసుకుని కారు తలుపు తెరుస్తుంది. బొటనవేలు నూనెలో ముంచి తాళం పెట్టే చోటుకు పైన సిలువ గుర్తు గీస్తుంది. పెదవులు కదుపుతుంది. మిగిలిన నూనె తలకు రాసుకుని లోపలికి వస్తుంది. సేటు బండికి ఇలాంటివి పెట్టొద్దని కాలేబు మొదట్లోనే గట్టిగా చెప్పాడు. అందుకే ఈ చాటు. వాకిలి ఊడుస్తూ రోజ ప్రతిదినం చూసేది. ఎన్నడూ నోరు విప్పలేదు.

విప్పేది ఎట్లా? నాన్న గిద్యోను కంగ్టి రోడ్డు మీద జీపు నడిపేవాడు. జీపుకూ అమ్మ రోజూ ఇలాగే పెట్టేది. ఒక రోజు సీసా ఖాళీ అయింది. ఒక్క దినమే గదా, రేపు పెడతాలే అనుకుంది. ఆ రోజే మలుపులో జీపు బోల్తా పడి నాన్న పోయాడు. ఆనాటి నుంచి ఆ సీసా ఖాళీ కాలేదు.

ఆసిమ్ సబ్బునీళ్లతో ఒకసారి, స్పిరిటుతో ఒకసారి తుడిచి, కొత్త షీటు వేసి, వేడిగుడ్డతో అంచులు అదిమాడు. పోతూ పోతూ చెప్పాడు. "రేపు పగటీలి అన్నం యాళ్ల దాక గా మూల ముట్టొద్దు. నూనె కాదు, చెమట చెయ్యి గూడ తగలొద్దు. గీసారి లేస్తే ఇగ నాతోని కాదు."

ఉపాధి పని నుంచి తిరిగొచ్చిన తల్లి కాళ్లు కడుక్కుంటుంటే రోజ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అమ్మా, రేపొద్దున బండికి నూనె పెట్టకు."

"ఏమే?"

"నూనెకే షీటు ఊడుతుంది. ఆసిం అన్న వాసన జూసిండు."

రిబ్కమ్మ చెంబు కింద పెట్టింది. "ప్రార్థన నూనెకు ఊడుతదా? గా పోరనికి అంటియ్య రాక ఏదో అంటుండు."

"పోనీ అద్దానికి పెట్టు. టైరుకు పెట్టు."

"బండి పానం మొదలయ్యేది తాళం కాడ. మీ నాయినకు గూడ గాడనే పెట్టేదాన్ని."

"ఒక్క దినమమ్మా. నీ కాల్మొక్త, ఒక్క దినం."

తల్లి ఆమె మొహంలోకి చూసింది. "ఆనాడు గూడ ఒక్క దినమే గదనే."

రోజ చెంబెత్తి అమ్మ కాళ్ల మీద నీళ్లు పోసింది. కాళ్లు తుడుచుకుంటూ రిబ్కమ్మ "సరే తియ్" అంది. ఆ మాట అనేటప్పుడు కూతురి వైపు చూడలేదు. పడుకునే ముందు రోజ మేకుకున్న తాళం తీసి తన తలగడ కింద పెట్టుకుంది.

తెల్లవారి తడిమితే తాళం లేదు. గూట్లో సీసా లేదు.

బయటికి ఉరికింది. కారు తలుపు తెరిచి ఉంది. తల్లి లోపలికి వంగి ఉంది. నూనె బొటనవేలు షీటు ముందు గాలిలో ఆగి ఉంది. పెట్టలేకపోతోంది, వెనక్కి తీసుకోలేకపోతోంది. కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. రోజ ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏం జేస్తున్నరు?"

తువ్వాల చుట్టుకుని కాలేబు వెనకే నిలబడి ఉన్నాడు. అమ్మ వేలు చూశాడు. సీసా చూశాడు.

"నువ్వానే? ఇన్నొద్దులు నువ్వానే?"

"బిడ్డా, నీ మంచికే..."

"నా మంచికా? సేటు నన్ను దొంగ లెక్క జూస్తుండు. ఆసింగాడు నన్ను అబద్ధాలోడన్నడు. నేను అన్నం దినలే, నిద్ర వోలే. నువ్వు సూసుకుంట కూసున్నవ్!" చెల్లెలి వైపు తిరిగాడు. "నీకెర్కనా?"

రోజ తల దించుకుంది. అతనికి అంతే చాలింది. తల్లి చేతి నుంచి తాళం లాక్కున్నాడు.

అంతలో సేటు స్కూటరు వాకిట్లో ఆగింది. దిగుతూనే కారులోకి తల పెట్టి, ఆ మూలన గోరు ఆనించి అంచంతా నొక్కుకుంటూ పోయాడు. షీటు లేవలేదు.

"శభాష్! కొత్తదాని లెక్కున్నది. గిదే ముందుగాల జేస్తే ఏమైతుండె?" కాలేబు భుజం తట్టాడు. "నేను ముందల పోత, జల్దీ రా. మతీన్‌కు ఇంకో పని జూస్త తియ్."

స్కూటరు వెళ్లిపోయింది. కాలేబు లోపలికి వెళ్లి అంగీ వేసుకున్నాడు. రోజ రొట్టె, పచ్చడి పళ్లెంలో పెట్టి ముందుకు జరిపింది. అతను చూడలేదు.

రిబ్కమ్మ గడపలో నిలబడింది. వేలి మీది నూనె మణికట్టు దాకా జారింది. ఆ ఇంట్లో ఎవరూ 'పోత' అనరు, 'పోయొస్త' అంటారు. ఎంత ఆలస్యమైనా, ఎంత కోపమున్నా, కారు కిటికీలోంచైనా కాలేబు ఆ మాట అనకుండా కదిలేవాడు కాదు. ఆమె ఇప్పుడు ఆ మాట కోసమే నిలబడింది. కొడుకు దగ్గరికి రాగానే చేయి అతని నుదుటి దాకా లేపింది.

అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

"అన్నా, ఒక్క మాట చెప్పి పో," అంది రోజ. "అమ్మకు ఒక్క మాట."

కాలేబు తల్లి చీర అంచు తగలకుండా గడప దాటి, కారెక్కి, ఆ కొత్త షీటు కింద తాళం పెట్టి తిప్పాడు. 'పోయొస్త' అనకుండానే వెళ్లిపోయాడు.