గడ్డిలో మాగిన బేస్

ఉదయం ఏడున్నరకు చూస్తే బీరువా మీద బేస్ లేదు.

రెండున్నర అడుగుల వస్తువు. మా అమ్మాయి యశస్విని హాస్టల్లో సరదాపడి కొని, నెల తిరక్కుండా విసుగొచ్చి ఇంటికి పంపేసిన బేస్ గిటారు. చూడ్డానికి చంటిపిల్లల బొమ్మలా ఉంటుంది. తీగలు ఇనుపవి కావు, లావుపాటి రబ్బరువి. మెట్లు ఉండవు, వేలు ఎక్కడ నొక్కాలో చెవే చెప్పాలి. స్పీకరుకు తగిలిస్తే మాత్రం ఇంటి ముందు నుంచి లోడు లారీ వెళ్తున్నట్టుంటుంది. కుక్కరు ఎక్కించి మూడు విజిళ్లు వచ్చేలోపు రోజూ ఇంత చొప్పున, రెండేళ్లు నేర్చుకున్నాను.

పదకొండు గంటలకు ఆగిరిపల్లిలో, ఒక మామిడితోటలో ఓణీల ఫంక్షన్. విక్టర్ గారి ఆర్కెస్ట్రాలో అక్కడే నాకు పరీక్ష. ఇన్నాళ్లూ ఆయన బేస్ కూడా కీబోర్డు మీద ఎడంచేత్తోనే లాగించేస్తున్నారు.

"మూడు పాటలు వాయించండక్కా. బాగుంటే సీజనంతా మీరే. లేదంటే నా ఎడంచెయ్యి నాకుంది" అన్నారు.

నలభై మూడేళ్ల వయసులో, వంటగది కాకుండా నాకంటూ రాబోతున్న మొదటి చోటు అది.

మంచం కింద చూశాను. బియ్యం డ్రమ్ము వెనక చూశాను. ఫ్రిజ్ కూడా తెరిచాను. భయపడ్డ మనిషికి అంతకంటే తెలివి ఉండదు.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అన్నారు మా అత్తగారు నాగేంద్రమ్మ గారు.

"నా బేస్ అత్తయ్యా."

"అదా. భద్రంగా దాచాను. నిన్న సాయంత్రం మీ ఆడపడుచు పిల్లలొచ్చి దాని చెవులు మెలిపెడుతుంటేనూ."

"ఎక్కడ దాచారు?"

"పళ్ల గదిలో, గడ్డిలో. నా కాసులపేరు కూడా అక్కడే దాచేదాన్ని. దొంగ అన్ని గదులూ చూస్తాడు గానీ, రసాలు మాగేసిన గదిలో గడ్డి తిప్పడు."

తలుపు తీయగానే ముఖానికి వేడి కొట్టింది. చిన్నరసాలను వరిగడ్డిలో వరసలుగా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి, కిటికీలు మూసేస్తాం. ఆ ఉక్కకి నాలుగైదు రోజుల్లో పండుతాయి. నా బేస్ ఆ గడ్డిలో ఇరుపక్కలా పళ్లతో పడుకుని ఉంది. పైకి తీస్తే జ్వరమొచ్చిన పిల్ల ఒళ్లులా కాలుతోంది. లావు తీగ లాగాను. సాగింది గానీ పలకలేదు.

"అడుగున పెడితే నలుగుతుందని పై వరసలోనే పెట్టాన్లే" అన్నారు అత్తయ్య.

కోపం తెచ్చుకుందామంటే భయం చోటివ్వలేదు. బిరడాలు తిప్పి శ్రుతి చేశాను. మా ఆయన స్కూటరు వెనక ఆగిరిపల్లి చేరేసరికి దిగిపోయింది. స్టేజీ వెనక మళ్లీ చేశాను. మళ్లీ దిగింది.

"ఎన్నిసార్లు తిప్పుతారక్కా, ఊడొస్తుంది" అంది పాటలు పాడే నిఖిత. "భయమా?"

"లేదు" అన్నాను. ఆ రెండక్షరాలూ రెండు శ్రుతుల్లో వచ్చాయి.

విక్టర్ గారికి చెప్పేద్దామా అనుకున్నాను. మామిడిపళ్లతోపాటు మాగిందండీ అని ఏ మొహంతో చెప్పను? చెప్పిన మరుక్షణం ఆయన ఎడంచెయ్యి కీబోర్డెక్కేస్తుంది. నోరు మూసుకుని స్టేజీ ఎక్కాను.

షామియానా కింద మూడొందల మంది. ముందు వరసలో ఒక పెద్దావిడ పక్కావిడతో అంటోంది.

"ఆవిడేంటే, మనవడి గిటారు పట్టుకొచ్చింది?"

"పాపం, వాడు ఇంటి దగ్గర ఏడుస్తున్నాడేమో."

కింద కూర్చుని ఉంటే నేనూ నవ్వేదాన్నే.

నిఖిత పాట అందుకుంది. నా మొదటి దెబ్బ స్పీకర్లలోంచి వచ్చి నా కడుపులోనే తగిలింది. మోకాళ్లు వణకడం మొదలైంది. చీర ఎందుకు కనిపెట్టారో అప్పుడర్థమైంది.

పల్లవి రెండోసారికి లావు తీగ దిగడం వినిపించింది. నాకొక్కదానికే కాదు, విక్టర్ గారి తల నావైపు తిరిగింది. ఆయన ఎడంచెయ్యి ఒళ్లోంచి లేచి కీబోర్డు అంచు మీద ఆగింది. మా తోటలో పాములకు కొదవ లేదు. ఏ పామునీ నేనంత భయంగా చూడలేదు.

పాట మధ్యలో బిరడా తిప్పడానికి లేదు. వేళ్లు మాత్రం వాటంతటవే కదిలాయి. ఇరవయ్యేళ్లుగా గడ్డిలో చెయ్యి పెట్టి, పండు నొక్కి, ఇది ఇవాళ్టికి, ఇది ఎల్లుండికి అని తేల్చిన వేళ్లవి. తీగ ఎంత మెత్తబడితే అంత పైకి జరిపి నొక్కాను. ముందు వెంట్రుకవాసి, తర్వాత ఇంకాస్త. వేలు పెట్టకుండా పలికే స్వరాల జోలికి పోలేదు. చోటు తప్పినప్పుడు, అది చెవికి తెలియగానే సరైన చోటికి జారాను. జారిన ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను.

మొదటి చరణం అయింది. చెయ్యి అంచు మీదే ఉంది. చెమటకు నా వేళ్లు రబ్బరుకు అతుక్కుంటున్నాయి. రెండో చరణం సగంలో కళ్లు తెరిచి చూస్తే, ఆ చెయ్యి ఒళ్లోకి వెళ్లిపోయి తాళం వేస్తోంది.

రెండో పాటకు ముందు శ్రుతి చేశాను, మళ్లీ దిగింది, మళ్లీ జారాను. మూడో పాట నాకు గుర్తులేదు. అయిపోయాక కూడా నేను వదలకపోతే, నిఖితే నా చేతుల్లోంచి బేస్ విడిపించిందట.

భోజనాల దగ్గర విక్టర్ గారు ప్లేటు పట్టుకుని వచ్చారు.

"ఆ జారుడు ఎక్కడ నేర్చుకున్నారక్కా?"

"ఇంట్లోనేనండీ."

"ఆదివారం మైలవరంలో రిసెప్షన్, రెండున్నర గంటలు. సీజనంతా మీరే. కాకపోతే నాకు ఇదే సౌండు కావాలి, ఇంత మెత్తగా. తీగలు గానీ మార్చారంటే ఊరుకోను."

రెండున్నర గంటలు. నిజం చెప్పడానికి అదే మంచి సమయం. పులిహోర బాగుందన్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మొహం పొద్దుటి నా మొహంలాగే ఉంది.

"నా వల్ల పాడైందా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. నన్ను పెట్టుకున్నారు." ఆవిడ గట్టిగా ఊపిరి వదిలారు. "పళ్ల గదిలో గడ్డి ఎన్నాళ్లుంటుంది?" అన్నాను.

"కోత అయ్యేదాకా. ఇంకో పదిహేను రోజులు. ఏం?"

ఆర్కెస్ట్రా సీజను ఇంకా రెండు నెలలుంది. బేస్ ఆవిడ చేతిలో పెట్టాను.

"మళ్లీ దాచండి. పై వరసలోనే."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, లావు తీగను బొటనవేలితో నొక్కి చూశారు.

"ఆదివారానికైతే ఇప్పట్నుంచీ ఎందుకు? శుక్రవారం వేస్తే సరిపోతుంది" అన్నారు.