ఒంటిగంటకు ముందు కడిగిన కంచాలు

కంచాలకు ఎంగిలి అంటించింది మీరు. ఆఫీసు గదిలో కూర్చుని సంతకాలు పెట్టించుకునే మీరంతా. ఇమ్సూన్ అక్క కాదు. నోటితో చెబితే అరుస్తున్నానంటారు కాబట్టి రాస్తున్నాను. చదవండి.

కొరియాలో, కున్సాన్‌లోని మా బడిలో తొమ్మిది వందల మంది పిల్లలు, అరలున్న కంచాలు ఆరు వందలు. అందుకే మూడు బంతులు. మొదటి బంతి కంచాలు కడిగితేనే మూడో బంతికి అన్నం. ఇమ్సూన్ అక్క తొట్టిలో నానబెట్టి, మెతుకులు తోమి, కంచాలు కడిగే మిషన్ పట్టా మీద పెడుతుంది. అవతలి వైపు నేను అందుకుంటాను. పదకొండేళ్లుగా ఇదే పని.

ఏప్రిల్‌లో తల్లుల కమిటీ వచ్చి కడిగిన కంచం మీద అయోడిన్ చుక్క వేసింది. అన్నం గంజి మిగిలి ఉంటే చుక్క నీలంగా మారుతుంది. మారింది. ఆఫీసు మేనేజరు పాంగ్ గారు ఇమ్సూన్ అక్క చేత తప్పు ఒప్పుకోలు కాగితం రాయించారు. మే నెలలో మళ్లీ నీలం, మళ్లీ కాగితం. మూడో కాగితం పడితే మరుసటి ఏడాది పని ఉండదు. అక్కకు యాభై ఎనిమిది. ఆ వయసులో ఇంకో వంటగది ఆమెను తీసుకోదు.

ఈ వారం మిషన్‌ను నేనే విప్పాను. నీళ్లు చిమ్మే రంధ్రాలను పిన్నీసుతో పొడిచి చూశాను, ఒక్కటీ మూసుకుపోలేదు. జల్లెడ కడిగాను. సబ్బు డబ్బా నిండుగానే ఉంది. రబ్బరు తెరలు వరస తప్పాయేమోనని తీసి మళ్లీ తగిలించాను. గురువారం మొదటి బంతి కంచాలు బయటికి వస్తుండగా తల్లులు మళ్లీ చుక్క వేశారు. నీలం.

పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు పాంగ్ గారు మూడో కాగితంతో వంటగదిలోకి వచ్చారు. వెనకాల మా డైటీషియన్ సోలా మేడం, ఈ ఏడాదే చేరిన పిల్ల.

“ఇమ్సూన్ గారూ, సంతకం పెట్టేయండి. అయిదు నిమిషాల పని.”

“చేతులు తడిగా ఉన్నాయి సార్.”

“తుడుచుకోండి. నేను ఆగుతాను.”

“అక్క తోమిన కంచాలు నేను చూస్తున్నాను సార్. మెతుకు ఉండదు,” అన్నాను.

“మీరు చూస్తున్నారు, సరే. ఒంటిగంట తర్వాత కడిగినవి అద్దాల్లా ఉంటున్నాయి. ముందు కడిగినవే ఇలా. మిషన్‌కి టైం తెలుసా కేహ్వా గారూ? మనుషులకి తెలుసు. తొందరగా అయిపోవాలని పైపైన తోమి పడేస్తున్నారు.”

అక్క కళ్లద్దాలు తీసి ఆప్రాన్‌కు తుడుచుకుంది. “ఒంటిగంట గంట కొట్టాకే ఆవిరొస్తంది సార్. నా అద్దాలు అప్పుడే మసకబారతాయి. అంతకుముందు మసకే రాదు.”

“ఆవిరి కథలొద్దు. ముల్లు చూడండి. ఎనభై రెండు డిగ్రీలు. రోజూ మీరే రాస్తున్నారు పుస్తకంలో.”

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి, దాచను. చివరి కడుగుడు నీళ్ల వేడి చూపించే ఆ ముల్లు రెండేళ్లుగా ఎనభై రెండు దగ్గరే ఇరుక్కుపోయింది. పొద్దున మిషన్ వేయకముందూ ఎనభై రెండే. బాగు చేయించమని రెండుసార్లు అడిగాం, విసిగిపోయాం, ఎనభై రెండనే రాస్తూ పోయాం. చేతులకైనా తెలియాలి కదా అంటారేమో. లోపల నూలు గ్లవుజు, దానిపైన రబ్బరుది, ఆపైన ఇంకొక రబ్బరుది. నిప్పు ముట్టుకున్నా తెలియదు.

మూడూ లాగి పారేశాను. పట్టా చివర తెర తప్పించి, నీళ్లు చిమ్మే చోట చెయ్యి పెట్టాను.

“కేహ్వా, చెయ్యి ఉడికిపోతదే,” అంది అక్క.

“ఎనభై రెండైతే ఉడుకుద్ది అక్కా. చూద్దాం.”

పది దాకా లెక్కపెట్టాను. పసిపిల్లకు స్నానం చేయించే నీళ్లలా ఉన్నాయి. “మీరూ పెట్టండి సార్.”

పాంగ్ గారు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

మా నెత్తి మీద గొట్టంలో గుడగుడమని చప్పుడు. సోలా మేడం పైకి చూసింది. “ఆ గొట్టం... చలికాలం సెలవుల్లో వేశారండీ. పిల్లలు పళ్లు తోముకునే సింకులకి. మన బాయిలర్ నుంచే లాగారు.”

పాంగ్ గారు ఆమె వైపు తిరిగారు. ఆ పిల్ల తల వంచుకుంది గానీ మాట ఆపలేదు. “ఆ గొట్టం పని కాగితం చూశాను నేను.”

మొదటి బంతి తినగానే మూడు వందల మంది బ్రష్షులు పట్టుకుని పైకి వెళతారు. చలికి పళ్లు జివ్వుమంటాయని వేడి నీళ్లు పెట్టించారు. మంచి పనే. కానీ ఆ నీళ్లు ఎక్కడివని వంటగదిని ఒక్కరూ అడగలేదు. ఒంటిగంట కొట్టాక పిల్లలు క్లాసులకు పోతారు, వేడి మాకు తిరిగి వస్తుంది.

“మేడం, పైకెళ్లి కుళాయిలన్నీ కట్టించండి. అందాకా చెయ్యి తీయను.”

ఆమె పాంగ్ గారిని ఒకసారి చూసి పరుగెత్తింది.

“నాటకాలు ఆపండి కేహ్వా గారూ. కాలితే జవాబు చెప్పాల్సింది నేను.”

“మీ భయం దానికేగా.”

గుడగుడ ఆగింది. కాసేపు ఏమీ మారలేదు. పాంగ్ గారు పెన్ను మూత తీసి అక్క ముందు పెట్టారు. అక్క దాన్ని ముట్టుకోలేదు, నా చేతినే చూస్తోంది. చూస్తుండగానే ఆమె అద్దాలు అంచుల నుంచి తెల్లబడ్డాయి. నీళ్లు చురుక్కుమన్నాయి. పళ్లు బిగపట్టాను. ఇక వల్ల కాక లాగేశాను. మణికట్టు దాకా ఎర్రగా కమిలింది.

అక్క నన్ను చన్నీళ్ల కుళాయి కిందికి ఈడ్చింది. “బుద్ధుందా నీకు? రేపు కంచాలెవరు అందుకుంటారే?” అని తిడుతూ ఏడ్చింది.

పాంగ్ గారు “పరిశీలిస్తాం” అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చింపలేదు.

నేనిది రాసే వేళకు కూడా అది ఆ జేబులోనే ఉంది. బయటికి తీయించండి. మొదటి రెండు కాగితాలతో కలిపి ఇమ్సూన్ అక్క ఎదుట చింపండి, తల్లుల కమిటీ చూస్తుండగా. పిల్లల సింకులకు వేరే బాయిలర్ పెట్టించండి, వాళ్ల వేడి నీళ్లు మాత్రం తీసేయొద్దు. ముల్లు మార్చండి. సోలా మేడం జోలికి పోకండి. సోమవారం మొదటి బంతి లోపల ఇవన్నీ జరగాలి. జరగకపోతే మిషన్ స్విచ్ మేం వేయం. మీరే వచ్చి వేయండి, చేతులకు గ్లవుజులు లేకుండా.