భుజం కొలత

స్కూలు జట్టు జెర్సీలన్నీ నేనే కుడతాను. పరిగెత్తే పిల్లకు చొక్కా బిగుతైతే ఊపిరాడదు, వదులైతే గాలికి ఎగురుతుంది. అందుకే ప్రతి పోటీకి ముందూ మళ్ళీ కొలుస్తాను.

మా మనవరాలిని జట్టంతా పిడుగు అంటారు. పదహారేళ్ళు. తల్లి పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరే ఉంటోంది.

రెండు నెలల్లో దాని జెర్సీ భుజాల దగ్గర రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేశాను. ఎదిగే పిల్లల బట్టల్లో అందుకోసమే లోపల కాస్త గుడ్డ వదులుతాను. చెయ్యి పని చేసుకుపోయింది, బుర్ర చేయలేదు. మూడోసారి టేపు పెట్టినప్పుడు కొలతల పుస్తకం తీసి చూశాను. భుజం రెండంగుళాలు పెరిగింది. చెయ్యి పొడవు అంతే, జెర్సీ నిలువూ అంతే. ఎదిగే పిల్ల అడ్డంగానే ఎదుగుతుందా?

"ఏం తింటున్నావే?"

"ఏముంది అమ్మమ్మా, నువ్వు వండిందే." గొంతు బొంగురు. జలుబని నెల నుంచీ చెబుతోంది.

"అదే నేనూ తింటున్నాను. మరి నాకు రాలేదేం ఈ భుజాలు?"

నవ్వబోయి ఆగింది. "కోచ్ సార్ ఇచ్చే విటమిన్లు."

"ఆ మందు పేరేమిటి?"

"మందు కాదు, విటమిన్ అన్నానుగా! సీసా మీద కాగితం పీకేసి ఇస్తారు."

బడి ముఖం చూడని నేను మందు డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కునే చదవడం నేర్చుకున్నాను. విటమిన్లయితే కాగితం పీకడం ఎందుకు? పుస్తకం తిరగేశాను. జట్టులో ఇంకో ముగ్గురిదీ ఇదే వరస. కొత్తగా చేరిన ఎనిమిదో తరగతి పిల్ల కొలత మాత్రం మారలేదు.

"ఆ చిన్నదానికీ ఇస్తారా?"

"సోమవారం నుంచి." నా చేతులు పట్టుకుంది. "దండం పెడతాను అమ్మమ్మా, ఎవరికీ చెప్పకు. చెప్పావంటే నాన్న దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ నీ గడప తొక్కను."

అన్నంత పనీ చేస్తుంది. దాని తల్లి కూడా సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఆదివారమంతా మిషను తొక్కాను. ఎప్పటికో చూసుకుంటే సూదిలో దారమే లేదు.

సోమవారం బడి గంట కొట్టకముందే పుస్తకం తీసుకెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టాను.

"బట్టల కొలతలు చూసి కోచ్ మీద ఫిర్యాదా, మామ్మగారూ?" అని నవ్విందావిడ.

"పేజీ తిప్పండమ్మా."

నాలుగో పిల్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. "మొదటి పేరు మీ మనవరాలిదే కదా? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎదుగుతోందనుకున్నానమ్మా. ముందు దాన్నే పరీక్ష చేయించండి."

కోచ్ బీరువాలో కండలు పెంచే మందు సీసాలు దొరికాయి. చిన్నదాని ఒంట్లోకి ఏమీ పోలేదు. నలుగురినీ జట్టులోంచి తీసేశారు. పిడుగు గొంతు ఇక పాతదిలా కాకపోవచ్చన్నాడు డాక్టరు. కాలేయం సంగతి శుక్రవారం రక్తపరీక్ష చేస్తే గాని చెప్పలేనన్నాడు.

"ఎవరు చెప్పారు?" అని అడిగింది పిడుగు, సంచి సర్దుకుంటూ.

జట్టులో ఎవరో అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నేనే."

సంచి భుజానికి తగిలించుకుంది. వాళ్ళ నాన్న వెంట వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. అది నన్ను చూసి ముఖం తిప్పుకుంది. పరీక్షకు మాత్రం లోపలికి వెళ్ళింది.